చట్రం బయట వున్న తల్లి

తెలుగులో బొమ్మ అనే మాటకి రెండర్థాలున్నాయి. పిల్లలు ఆడుకునేదీ బొమ్మే, చిత్రకారుడు గీసేదీ బొమ్మే. ఈ రెండర్థాలూ కలిసే చోట తరచుగా ఒక ఆడపిల్ల నిలబడి వుంటుంది. గురజాడకి ఇది తెలుసు. పూర్ణమ్మని ఆయన ఊరికే పుత్తడిబొమ్మ అనలేదు. అలంకరించి, అందరికీ చూపించి, ఆమె ఇష్టంతో నిమిత్తం లేకుండా ఎవరికో అప్పగించే వస్తువు అనే అర్థం ఆ మాటలోనే వుంది. అందాన్ని పొగిడే మాటలోనే అమ్మకాన్ని కూడా వినిపించడం గురజాడ వాస్తవికత.

ఆ కొలబద్దతో ఒక తైలవర్ణ చిత్రాన్ని ఇక్కడ పరిశీలించదలిచాను. 1805లో మద్రాసులో జార్జి చిన్నరీ అనే ఇంగ్లీషు చిత్రకారుడు వేసిన చిత్రం అది. అందులో ఇద్దరు పిల్లలున్నారు. అబ్బాయికి నాలుగేళ్ళు, అమ్మాయికి మూడేళ్ళు. హైదరాబాదులో బ్రిటిష్ రెసిడెంటుగా వున్న జేమ్స్ అఖిలిస్ కిర్క్‌పాట్రిక్‌కీ, అక్కడి ప్రభువర్గ కుటుంబంలో పుట్టిన ఖైరున్నీసాకీ కలిగిన బిడ్డలు. అబ్బాయి పేరు సాహిబ్ ఆలం, అమ్మాయి పేరు సాహిబ్ బేగం. నేను మూలచిత్రాన్ని చూడలేదు, పుస్తకాల్లో అచ్చయిన ప్రతినే చూశాను. అందుచేత రంగుల మెరుగు గురించీ, కుంచెపని నాణ్యత గురించీ తీర్పులు చెప్పబోవడం లేదు. అచ్చుప్రతిలో కూడా చెక్కుచెదరకుండా మిగిలేవి కొన్ని వుంటాయి: ఎవరు ఎక్కడ నిలబడ్డారు, ఏం తొడుక్కున్నారు, ఎటు చూస్తున్నారు. నా పరిశీలన అంతవరకే.

తెలుగు సాహిత్య విమర్శకి బ్రిటిష్ చిత్రకారుడితో పనేమిటని అడిగేవాళ్ళుంటారు. మూడు కారణాలు చెబుతాను. ఆ పిల్లల తండ్రి కుదిర్చిన ఒప్పందంతోనే రాయలసీమ కంపెనీ చేతికి పోయింది. ఆ పిల్లల తల్లి ప్రవాసం గడిపింది మన బందరులో. ఇక మూడోది, రచయితలకి ముఖ్యమైనది: దుఃఖాన్ని చూపించి, దాని కారణాన్ని చూపించకపోతే కళకి ఏమవుతుంది అనే ప్రశ్నకి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ నాకు కనిపించలేదు.

ముందు చిత్రాన్ని చూద్దాం. పిల్లలిద్దరూ మెట్లమీద నిలబడి వున్నారు. ఇద్దరివీ హైదరాబాదు దర్బారు దుస్తులు. అబ్బాయి జరీ అంచులున్న ఎర్రని జామా వేసుకున్నాడు, నడుముకి జరీ పట్కా, తలమీద టోపీ, మెడలో పెద్ద పెద్ద ముత్యాల దండలు. సూటిగా మనవైపే చూస్తున్నాడు. ఇంటికి వచ్చిన అతిథిని చూసే యజమాని కొడుకు చూపు అది. అమ్మాయి ఒక మెట్టు పైన నిలబడి అన్న భుజంమీదుగా చెయ్యి వేసింది. ఆమె మనవైపు చూడడం లేదు. చూపు కిందికి వాలివుంది. కళ్ళు ఏడ్చిన కళ్ళలా వున్నాయి. ఆ ముఖంమీద మూడేళ్ళ పిల్లకి తగని దిగులు వుంది.

ఇంగ్లీషు పోర్ట్రెయిటు సంప్రదాయం తెలిసినవాళ్ళకి ఈ అమరికలో చాలా భాగం కొత్తేమీ కాదు. చిన్నరీ 1774లో లండన్‌లో పుట్టి, రాయల్ అకాడమీ బడిలో చదువుకున్నవాడు. ఆ అకాడమీకి మొదటి అధ్యక్షుడైన జోషువా రెనాల్డ్స్ పిల్లల బొమ్మలకి ఒక మూస తయారుచేసి పెట్టాడు. బాల్యమంటే అమాయకత్వం, అమాయకత్వమంటే ప్రకృతి. ఆస్తిపరుల పిల్లల్ని అలా గీస్తే వాళ్ళ ఆస్తి కూడా ప్రకృతి సహజమే అనిపిస్తుంది. తైలవర్ణ చిత్రకళకీ సొంత ఆస్తికీ వున్న సంబంధాన్ని జాన్ బెర్జర్ 1972లో ఎత్తిచూపాడు. ముత్యం నునుపునీ, జరీ బరువునీ చేత్తో తాకినట్టు చూపించగల సామర్థ్యం తైలవర్ణానికి వుంది. ఆ సామర్థ్యానికి డబ్బిచ్చి పోషించింది ముత్యాలూ జరీ కలవాళ్ళే. చిన్నరీ 1802లో మద్రాసు వచ్చింది ఆ గిరాకీ కోసమే. తర్వాత కలకత్తాలో పెద్ద పేరూ, అంతకంటే పెద్ద అప్పులూ సంపాదించి, 1825లో అప్పులవాళ్ళకి అందకుండా మకావు పారిపోయి, 1852లో అక్కడే పోయాడు. అంటే ఆయన ఆస్తిపరుల బొమ్మలు గీసిన ఆస్తిలేని పనివాడు. ఈ సంగతి మనం గుర్తుంచుకోవాలి.

నిజాం ఆస్థానంలోనూ అదే కాలంలో గొప్ప చిత్రకారులున్నారు. వెంకటాచలం అనే ఆస్థాన చిత్రకారుడు ఆ రోజుల్లోనే పనిచేశాడు. కాగితంమీద వేసే దక్కను సూక్ష్మచిత్రం చేతిలో పట్టుకుని దగ్గరగా చూసుకునేది. తైలవర్ణ చిత్రం గోడకి వేలాడదీసి పదిమందికీ చూపించేది. దర్బారు దుస్తుల్లో వున్న పిల్లల్ని దర్బారు పద్ధతిలో కాక ఇంగ్లీషు పద్ధతిలో గీయించడంలోనే ఒక ప్రయాణం మొదలైంది. బట్టలు ఇక్కడివి, చూపించే పద్ధతి అక్కడిది. పిల్లలు ఓడ ఎక్కకముందే వాళ్ళ బొమ్మ సగం ఓడ ఎక్కింది.

ఇంతకీ వాళ్ళు ఓడ ఎందుకెక్కాలి? ఈ ప్రశ్నకి జవాబు చిత్రంలో లేదు. 1805లో ఈ బొమ్మ పూర్తయీ కాకముందే పిల్లలిద్దర్నీ ఇంగ్లండు పంపేశారు. కెంటులో వున్న తాత దగ్గర పెంచడానికి. తండ్రి అదే సంవత్సరం అక్టోబరు 15న కలకత్తాలో చనిపోయాడు. 1806లో లండన్‌లో పిల్లలకి జ్ఞానస్నానం జరిగింది. సాహిబ్ ఆలం విలియం జార్జి అయ్యాడు, సాహిబ్ బేగం కేథరిన్ అరోరా అయింది. ఇంట్లో పిలిచే పేరు కిట్టీ. తల్లిని పిల్లలు మళ్ళీ చూడలేదు.

దీన్ని ఒక తండ్రి కఠినత్వంగా చెప్పుకుంటే కథ తేలిపోతుంది. కంపెనీ 1786లో ఒక నిబంధన పెట్టింది: ఆంగ్లో ఇండియన్ అనాథ పిల్లల్ని చదువుకి ఇంగ్లండు పంపకూడదని. 1791లో ఇంకొకటి పెట్టింది: తల్లిదండ్రుల్లో ఒకరు భారతీయులైతే ఆ బిడ్డకి కంపెనీ సివిల్, సైనిక, నౌకా ఉద్యోగాలు లేవని. 1795లో మూడోది: అలాంటివాళ్ళు సైన్యంలో చేరితే బాకా ఊదడానికీ, డోలు కొట్టడానికీ తప్ప పనికిరారని. రెసిడెంటు కొడుకే అయినా ఇక్కడ పెరిగితే డోలు కొట్టాలి. తెల్లగా వున్నవాళ్ళని చిన్నప్పుడే ఇంగ్లండు పంపి, పేరు మార్చి, మతం మార్చి, భాష మరిపిస్తే బతికిపోతారు. మార్చగలిగినవన్నీ మార్చారు. మార్చలేనిది తల్లి ఒక్కతే, అందుకని ఆమెను వదిలేశారు. ఆ పిల్ల కళ్ళ దిగులు వెనక వున్నది విధి కాదు, మూడు నిబంధనలు.

ఇక్కడ ఒక అభ్యంతరం రావచ్చు, అది న్యాయమైనదే. మూడేళ్ళ పిల్ల, కొత్త ఊరు, బరువైన బట్టలు, ఎవరో తెల్లాయన ఎదురుగా కదలకుండా నిలబడమంటాడు. విసుగెత్తి ముఖం ముడుచుకునివుంటుంది. అందులో సామ్రాజ్యవాదాన్ని వెతకడం విమర్శకుడి అతితెలివి కాదా? నా సమాధానం ఇది. పిల్ల మనసులో ఏముందో నేను చెప్పడం లేదు, ఎవరూ చెప్పలేరు. కానీ పోర్ట్రెయిటు ఫోటో కాదు. ఎన్నో చూపుల్లోంచి ఒక చూపుని చిత్రకారుడు ఎన్నుకుంటాడు. ఆ కనురెప్పల్ని కొంచెం ఎత్తి, పెదవుల్ని కొంచెం విప్పితే డబ్బిచ్చేవాడు ఇంకా సంతోషించేవాడు. చిన్నరీ ఆ పని చెయ్యలేదు. అన్న ముఖంలో సంప్రదాయం అడిగిందంతా ఇచ్చి, చెల్లెలి ముఖంలో సంప్రదాయం అడగనిదాన్ని వుండనిచ్చాడు. ఇది ఎన్నిక. ఎన్నిక వున్నచోట విమర్శకి పని వుంటుంది.

1888లో మార్గరెట్ హార్క్‌నెస్‌కి రాసిన ఉత్తరంలో ఎంగెల్స్ బాల్జాక్ గురించి చెప్పిన విషయం మనకి కొత్తకాదు. రచయిత రాజకీయాభిమానాలు ఒకవైపు వున్నా, అతని వాస్తవికత వాటిని కాదని నిజంవైపు నడవగలదన్నది ఆ వాదం సారాంశం. చిన్నరీకి కంపెనీమీద ఏ ఫిర్యాదూ లేదు. ఆయన తిండి దాని నీడలోనే. అయినా ఆ పిల్ల ముఖం దగ్గర ఆయన కుంచె అబద్ధమాడలేదు. అయితే ఎంగెల్స్ పేరు చెప్పి ఇక్కడే ఆగిపోవడం సరికాదు. బాల్జాక్ మనుషులతోపాటు వాళ్ళని కదిలించే అప్పుల్నీ, వడ్డీల్నీ, వారసత్వాల్నీ కూడా రాశాడు. చిన్నరీ ముఖాన్ని మాత్రమే వేశాడు. నిజాన్ని చూశాడు, కారణాన్ని చూపించలేదు. చూపించే వీలు ఆ చిత్రరూపానికి లేదు. పోర్ట్రెయిటు అనేది మనిషిని సంబంధాల్లోంచి విడదీసి నిలబెట్టే రూపం. ఆ పరిమితి దాటి మాట్లాడడం చూసేవాడి బాధ్యత.

కనుక చట్రం బయటికి వెళదాం. ముందు తండ్రి. కిర్క్‌పాట్రిక్ రెసిడెంటుగా వుండగా 1800 అక్టోబరు 12న నిజాంకీ కంపెనీకీ ఒప్పందం జరిగింది. కంపెనీ సైన్యాన్ని పోషించే ఖర్చుకింద, మైసూరు యుద్ధాల వల్ల తనకి వచ్చిన ప్రాంతాల్ని నిజాం వదులుకున్నాడు. బళ్ళారి, అనంతపురం, కడప, కర్నూలులో కొంతభాగం కంపెనీకి పోయాయి. కిందటి తరంవాళ్ళు వాటిని దత్తమండలాలు అన్నారు. రాయలసీమ అనే పేరు 1928లోగానీ రాలేదు. దత్తమంటే ఇచ్చేసినది. ఇచ్చినవాడు నిజాం, పుచ్చుకున్నది కంపెనీ, ఆ నేలమీద దున్నుకునే రైతుని అడిగినవాడు లేడు. వెంటనే థామస్ మన్రో కలెక్టరుగా దిగాడు. పాలెగాళ్ళని అణిచాడు, శిస్తు నిర్ణయించాడు. ఆ ఒప్పందం జరిగిన అయిదేళ్ళకి, దాన్ని కుదిర్చిన అధికారి కూతురు కూడా దత్తం అయింది. దేశాన్ని అడక్కుండా చేతులు మార్చిన వ్యవస్థ బిడ్డని కూడా అడక్కుండానే చేతులు మార్చింది. ఈ రెండూ ఒకటేనని నేను అనను. రైతు కోల్పోయినదానికీ రెసిడెంటు కూతురు కోల్పోయినదానికీ పోలిక పెడితే రైతుకి అన్యాయం చేసినట్టే. కానీ రెండింటిలోనూ పనిచేసిన తర్కం ఒకటే. అబ్బాయి మెడలోని ముత్యాలకీ కడప రైతు శిస్తుకీ మధ్య వున్న దారి చిత్రంలో కనిపించదు. ఆ దారి మాత్రం వుంది.

తర్వాత తల్లి. భర్త పోయాక ఖైరున్నీసా తన తల్లి షరఫున్నీసాతో కలకత్తా వెళ్ళింది. అక్కడ కిర్క్‌పాట్రిక్ దగ్గర సహాయకుడుగా పనిచేసిన హెన్రీ రసెల్ ఆమెకి దగ్గరయ్యాడు. ఆమె హైదరాబాదు తిరిగిరావడానికి దివాను మీర్ ఆలం ఒప్పుకోలేదు. అలా ఆమె మచిలీపట్నం చేరింది. రసెల్ ఆమెను అక్కడ వదిలేసి, 1808లో మద్రాసులో వేరే పెళ్ళి చేసుకున్నాడు. కొన్నేళ్ళు బందరులో గడిపి, చివరికి హైదరాబాదు చేరి, 1813లో చనిపోయింది. అప్పటికి ఆమె వయస్సు 27.

బందరు గురించి మనకి చరిత్ర చాలా తెలుసు. 1611లో ఇంగ్లీషువాళ్ళు అక్కడ వర్తకస్థానం పెట్టారనీ, 1759లో ఫ్రెంచివాళ్ళ దగ్గర్నుంచి కోటని పట్టుకున్నారనీ బళ్ళో పిల్లలకి మేమే చెబుతాం. కలంకారీ గురించి చెబుతాం, 1864 ఉప్పెన గురించి చెబుతాం. అదే బందరులో, ఏ సముద్రంమీదుగా తన బిడ్డలు వెళ్ళిపోయారో ఆ సముద్రం ఒడ్డునే ఒక తల్లి బిడ్డల్లేకుండా, ఊరికి వెళ్ళే అనుమతి లేకుండా, నమ్మినవాడు రాకుండా గడిపిందని మనం చెప్పం. ఆమెమీద ఒక నవాబుగారి పరువూ, ఒక కంపెనీ నిబంధనా కలిసి పనిచేశాయి. భూస్వామ్యమూ వలసపాలనా ఒకదానికొకటి విరోధులన్న భ్రమ ఎవరికైనా వుంటే ఖైరున్నీసా బతుకు చూస్తే చాలు. ఆడదాని దగ్గరికి వచ్చేసరికి రెండూ ఒకే సంతకం పెట్టాయి.

మూడోది, బొమ్మ చేతులు మారిన తీరు. అది తేలింది ఇంగ్లండులో స్వాలోఫీల్డ్ అనే చోట, రసెల్ ఇంటి గోడమీద. రసెల్ 1811 నుంచి 1820 దాకా హైదరాబాదు రెసిడెంటు. పామర్ కంపెనీ అప్పుల్లో నిజాం రాజ్యం కూరుకుపోయిన కాలం అది. ఆయన కుటుంబం 1820లో స్వాలోఫీల్డ్ ఎస్టేటు కొన్నది. ఏళ్ళ తర్వాత అక్కడికి అతిథిగా వెళ్ళిన కిట్టీ గోడమీద తనని తాను చూసి ఏడ్చిందట. తన తల్లిని వదిలేసినవాడి ఇంట్లో తన బాల్యం వేలాడుతోంది. తర్వాత ఆ బొమ్మ ఆమెకి చేరింది. ఇవాళ అది హాంకాంగ్ అండ్ షాంఘై బ్యాంకు సేకరణలో వుంది. చైనా, ఇండియా, ఐరోపాల మధ్య వర్తకానికి పెట్టుబడి సర్దడానికి 1865లో పుట్టిన బ్యాంకు అది. రెసిడెంటు చేతినుంచి బ్యాంకు చేతికి వెళ్ళడంలో ఆ బొమ్మ దారి తప్పలేదు. పెట్టుబడి నడిచిన దారిలోనే అదీ నడిచింది.

కిట్టీ పెద్దదయ్యాక థామస్ కార్లైల్‌కి పరిచయమైంది. ఆయన 'సార్టర్ రిసార్టస్'లోని బ్లుమీన్ ఆమేనని చాలామంది అంటారు. అంటే రెండోసారి కూడా ఆమె ఇంకొకరి చేతిలో బొమ్మే అయింది, ఈసారి వచనంలో. ఆమె తన మాట తాను మాట్లాడింది 1840ల్లో. హైదరాబాదులో అమ్మమ్మ ఇంకా బతికేవుందని తెలిసి ఉత్తరాలు రాసింది. అన్నేళ్ళు గడిచినా తల్లీ అమ్మమ్మా కూర్చునే గది ఇంకా కలలోకి వస్తుందని రాసింది. అమ్మమ్మ జవాబు పారసీలో వచ్చింది. ఆ భాష కిట్టీ మరిచిపోయింది. మనవరాలు ఇంగ్లీషులో ఏడిస్తే అమ్మమ్మ పారసీలో ఓదార్చింది. మధ్యలో అనువాదకుడు కావలసివచ్చింది. 1847లో అమ్మమ్మ పోయింది, 1889లో మనవరాలు పోయింది. ఇద్దరూ కలుసుకోలేదు. మొత్తం కథలో చిత్రం చెప్పలేనిదాన్ని చెప్పినవి ఆ ఉత్తరాలే. ఎందుకంటే అక్కడ గీసినవాడూ లేడు, గీయించినవాడూ లేడు.

ఈ వివరాల్లో చాలాభాగాన్ని లోకానికి తెలియజెప్పింది విలియం డాల్‌రింపుల్ 2002లో ప్రచురించిన 'వైట్ మొఘల్స్'. ఆ శ్రమకి మనం రుణపడివున్నాం. కంపెనీ నిబంధనల్నీ ఆయన దాచలేదు. కానీ ఆ పుస్తకం చదివిన మధ్యతరగతి పాఠకులు ఎక్కువగా దాచుకున్నది ఒక ప్రేమకథని. తెల్లదొర మొఘలు దుస్తులు వేసుకున్నాడు, బేగంకోసం రంగమహలు కట్టించాడు, రెండు సంస్కృతులు కౌగిలించుకున్నాయి, తర్వాత దుర్మార్గులెవరో వచ్చి విడదీశారు! ఈ పఠనంలో కిర్క్‌పాట్రిక్ ప్రేమికుడుగా మిగులుతాడు, ఒప్పందం కుదిర్చిన అధికారి మాయమవుతాడు. ఆయన ప్రేమ అబద్ధమని నేననను. ప్రేమించిన మనిషే బిడ్డల్ని తల్లినుంచి విడదీయవలసివచ్చిందంటే ఆ వ్యవస్థ ఎంత గట్టిదో తెలుస్తుంది. ప్రేమకథ మాత్రమే చదివేవాడికి ఇది అందదు.

మనవైపు నుంచి రెండో పొరపాటు పఠనం వుంది. సామ్రాజ్యవాది వేసిన బొమ్మ, దొరల పిల్లలు, మనకేం అవసరం అని తోసిపుచ్చడం. తాజ్‌మహలుకి రాళ్ళెత్తిన కూలీల్ని గుర్తుచేసిన శ్రీశ్రీ మనల్ని తాజ్‌మహలు చూడొద్దనలేదు. ఇంకా ఎక్కువ చూడమన్నాడు. యాంత్రికంగా తోసిపుచ్చేవాడూ, పరవశించిపోయేవాడూ ఇద్దరూ ఒకే పని తప్పించుకుంటున్నారు: చూడడం.

ఇక మన కథకులకి ఒక మాట. కృష్ణాడెల్టాలో ఇవాళ బిడ్డల్ని దూరంగా పంపని ఊరు లేదు. ముందు బెజవాడ హాస్టలుకి, తర్వాత హైదరాబాదుకి, ఆ తర్వాత అమెరికాకి. ఏ కంపెనీ నిబంధనా లేకుండా మనంతట మనమే పంపుతున్నామనుకుంటాం. నిజానికి మార్కెట్టుకి నిబంధన రాయవలసిన అవసరం లేదు. తెలుగు రాని మనవడితో ఫోనులో మాట్లాడలేక నవ్వి వూరుకునే నాయనమ్మ మన కథల్లోకి ఎన్నోసార్లు వచ్చింది. వచ్చిన ప్రతిసారీ మనం ఆమె కళ్ళని చాలా బాగా వర్ణించాం. చిన్నరీ చేసినంత పనీ చేశాం. ఆమె కళ్ళలో నీళ్ళెందుకున్నాయో, కొడుకు చదువుకి ఏ పొలం తాకట్టుపడిందో, ఆ పొలం కౌలుకి చేసేవాడి బిడ్డ ఏ బడి మానేశాడో చాలా కథల్లో వుండదు. పాఠకుడికి జాలి కలుగుతుంది, కోపం రాదు. కారణంలేని దుఃఖాన్ని అనుభవించి పుస్తకం మూసేస్తాడు. అటువంటి దుఃఖం ఎవరి గోడమీద వేలాడదీసినా ఆ ఇంటికి అందమే తప్ప ప్రమాదం లేదు. అందుకే రసెల్ దాన్ని తన ఇంట్లో పెట్టుకోగలిగాడు.

కిర్క్‌పాట్రిక్ కట్టించిన కోఠీ రెసిడెన్సీ భవనం స్వాతంత్ర్యం వచ్చాక మహిళా కళాశాల అయింది, తర్వాత విశ్వవిద్యాలయం అయింది. ఇప్పుడు దానికి చాకలి ఐలమ్మ పేరు వుంది. రెసిడెంటు భవనానికి పాలకుర్తి రైతుస్త్రీ పేరు రావడం మంచిదే. కానీ పేరు మారినంతలో చరిత్ర చదవడం పూర్తికాదు. అక్కడ చదువుకునే అమ్మాయిలు ఈ బొమ్మని చూడాలి. అందులో ముత్యాల్ని లెక్కపెట్టాలి, ఆ ముత్యాలు ఎవరి శిస్తో అడగాలి, ఆ పిల్ల ఎవర్ని చూడలేక కళ్ళు దించుకుందో అడగాలి. చట్రం బయట వున్నవాళ్ళని పేరుపెట్టి లోపలికి పిలవగలిగిననాడే మనం ఆ బొమ్మని నిజంగా చూసినట్టు.